విమానమెక్కి వచ్చే కోడి ఖరీదు

కిందటేడు సంక్రాంతికి అత్తిలి దగ్గర మా అక్కావాళ్ల ఊరు వెళ్లాను. భోజనాలయ్యాక మేనల్లుడు పక్కన చేరి ఫోను చేతికిచ్చాడు. తెరమీద ఒక పుంజు. నిలువెల్లా నలుపు. నల్లటి ఈకలు మనకి కొత్తేమీ కాదు, కాకి పుంజుల మధ్య పెరిగినవాళ్లమే. దీనికి తురాయి నలుపు, ముక్కు నలుపు, నాలుక నలుపు, గోళ్లతో సహా కాళ్లు నలుపు.

“అయామ్ సెమానీ అంటారు మావయ్యా. ఇండోనేషియాది. పొదిగించుకునే గుడ్లు అక్కణ్ణుంచే పంపిస్తారంట. ఇరవై నాలుగు గుడ్లకి ఇరవై నాలుగు వేలు కట్టేశాను.”

“పర్మిట్ ఎవరి పేరున తీశారురా?”

“పర్మిటా?”

ఆ గుడ్లు ఇప్పటికీ రాలేదు. ఆ నంబరు పలకదు. వాడు లోకం తెలియనివాడేమీ కాదు. రొయ్యల చెరువులో ఎకరానికి ఎంత సీడు వదలాలో, పంట చేతికొచ్చేలోపు మేతకి ఎంతవుతుందో కాగితం లేకుండా చెప్పగలడు. ఈ ఒక్క సంగతిలో డబ్బు కట్టేముందు ఏమడగాలో వాడికి తెలియలేదు. బ్రహ్మా కోడి తెప్పించొచ్చా, సిల్కీ కోడి తెప్పించొచ్చా అని నన్నడిగే కుర్రాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లకోసమే ఈ అధ్యాయం.

ముందు ఆ ఫోటో సంగతి చెప్పాలి. అందులో పుంజు పక్కన బుట్టనిండా నల్లటి గుడ్లున్నాయి. సెమానీ పెట్ట పెట్టే గుడ్డు మీగడ రంగులో, మన నాటుకోడి గుడ్డులాగే ఉంటుంది. నల్లగుడ్డు చూపించి అమ్మేవాడి దగ్గర సెమానీ లేదు. ఈ ఒక్క ముక్క తెలిసినా మావాడి డబ్బు మిగిలేది. ఏ జాతి కొనబోతున్నారో దాని గుడ్డు రంగు, పిల్ల నూగు రంగు, కాలి వేళ్ల లెక్క ముందు నేర్చుకోండి. సిల్కీకి కాలికి అయిదు వేళ్లుండాలి. మామూలు కోడికి నాలుగే. ఇవి నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

రెండోది, అంతకన్నా పెద్దది: ఏ దేశం నుంచి? కోడి అందం, ధర, అమ్మేవాడి మంచితనం అన్నీ దీని తర్వాతే. ఇండోనేషియాలో 2003 నుంచి కోళ్లలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ ఉంది. అలాంటి చోటినుంచి బతికున్న కోడిగానీ పొదిగే గుడ్డుగానీ మన దేశంలోకి చట్టప్రకారం రావడం దాదాపు జరగని పని. కాబట్టి “నేరుగా ఇండోనేషియా నుంచి” అని ఎవరైనా అన్నారంటే ఆ మాట అబద్ధమైనా అయ్యుండాలి, ఆ గుడ్డు దొంగదారిన వచ్చిందైనా అయ్యుండాలి. రెండిట్లో ఏదైనా మీకొద్దు.

మనవాళ్లు ఇంత గట్టిగా ఎందుకుంటారో అర్థం చేసుకుంటే నిబంధనల మీద విసుగు తగ్గుతుంది. మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదటిసారి బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. లక్షల కోళ్లను చంపి పూడ్చాల్సి వచ్చింది. ప్రభుత్వం వ్యాధి ఉన్న దేశాల కోడి సరుకంతా ఆపేసింది. దీనిమీద అమెరికా 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థకి ఎక్కింది. ఒక రాష్ట్రంలో జబ్బొస్తే దేశం మొత్తాన్ని మూసేయడం తగదని దాని వాదన. 2015 జూన్‌లో అప్పీలులో కూడా మనం ఓడిపోయాం. ఆ తర్వాత నిబంధనలు సవరించారు. దేశాన్నంతటినీ ఒకే గాటన కట్టకుండా జబ్బు లేని ప్రాంతాన్ని విడిగా చూసే పద్ధతి వచ్చింది. మీలాంటివాళ్లకి అది మంచిదే. కానీ 2022 నుంచి అమెరికాలోనూ, అంతకు కొంచెం ముందునుంచి యూరప్‌లోనూ ఈ జబ్బు చెలరేగుతోంది. ఈ వారం తెరిచి ఉన్న ప్రాంతం వచ్చే వారం మూతపడొచ్చు. మీరు అడ్వాన్సు కట్టిన ఫారం నుంచి పది మైళ్ల దూరంలో ఒక బాతు చచ్చిపోయినా మీ సరుకు ఆగిపోవచ్చు. అందుకని అమ్మేవాడితో రాసుకునే కాగితంలో “జబ్బు కారణంగా ఎగుమతి ఆగితే అడ్వాన్సు తిరిగిస్తాను” అనే షరతు ఉండి తీరాలి. అది రాయనివాడి దగ్గర కొనకండి.

ఇదంతా ఎక్కడో దూరంగా జరిగే గొడవ అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు పక్కన వేల్పూరులోనూ, తూర్పు గోదావరిలో కానూరు అగ్రహారంలోనూ ఇదే జబ్బు తేలింది. భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబు ఖాయం చేసిన రోజునుంచి ఆ చుట్టుపక్కల ఫారాలవాళ్ల కళ్లల్లో నేను చూసిన దిగులు మర్చిపోలేను. సూట్‌కేసులో బట్టల మధ్య గుడ్లు చుట్టి తెస్తామని సరదాగా అనేవాళ్లు ఆ దిగులు ఒకసారి గుర్తుచేసుకోవాలి. గుడ్డుతోపాటు వచ్చే జబ్బులు నిజంగానే ఉన్నాయి. పిల్లలకి తెల్లపారుడు తెచ్చే పుల్లోరం సూక్ష్మజీవి తల్లినుంచి గుడ్డులోకే దిగుతుంది. పైన ఎంత తుడిచినా పోదు. కస్టమ్స్ చట్టం కింద ఆ సరుకు జప్తు చేస్తారన్నది చిన్న విషయం. ఊరికి తెచ్చే కీడు పెద్దది.

ఇక కాగితాల దారి. దీన్ని వరస తప్పకుండా నడవాలి. ముందు ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకోవాలి. పాన్ కార్డు మీద ఆన్‌లైన్‌లోనే వస్తుంది, అయిదువందలు ఫీజు. అది తేలిక. తర్వాత విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) లైసెన్సు. బతికున్న కోళ్లు స్వేచ్ఛగా తెచ్చుకునే సరుకు కావు, లైసెన్సు ఉంటేనే రావాలి. ఎందుకు తెస్తున్నారు, ఎన్ని, ఎక్కడ పెడతారు, దేశంలో దొరికే జాతులతో ఆ పని ఎందుకు జరగదు అన్నది మీరు చెప్పుకోవాలి. “నాకిష్టం” అన్నది జవాబుగా చాలదు. సంతతి అభివృద్ధి, జాతి పరిరక్షణ, నమోదైన ఫారం, పశువైద్యుడి పర్యవేక్షణ ఇవన్నీ కాగితం మీద కనిపించాలి.

మూడోది అసలైనది: శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్. ఢిల్లీలోని కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ ఇస్తుంది. దీనికి ఆధారం 1898 నాటి పశువుల దిగుమతి చట్టం, 2001లో సవరించారు. పర్మిట్ చేతికొచ్చాకే అక్కడ కోడి పెట్టెలోకి ఎక్కాలి. సరుకు బయల్దేరాక తీసుకుందామంటే కుదరదు. ఏ జబ్బులకి పరీక్షలు చేయించాలి, అక్కడ ఎన్నాళ్లు విడిగా ఉంచాలి, ఇక్కడ దిగాక ఎన్నాళ్లు క్వారంటైన్‌లో ఉంచాలి, ఏ విమానాశ్రయంలో దిగాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. ఆ షరతుల కాగితాన్ని అక్కడి ప్రభుత్వ పశువైద్యుడు చదివి, ఒక్కొక్కటీ నెరవేరిందని సంతకం చెయ్యాలి. ఒక్క పరీక్ష పేరు తేడా వచ్చినా ఇక్కడ దిగాక ఆపేస్తారు. నా సలహా ఏంటంటే, పర్మిట్ ప్రతిని అమ్మేవాడికి పంపి “మీ ప్రభుత్వ డాక్టరు ఈ భాషలోనే సర్టిఫికెట్ ఇస్తారా?” అని రాతపూర్వకంగా అడగండి. అవునన్న జవాబు వచ్చేదాకా మిగతా డబ్బు కట్టొద్దు.

దిగిన చోట యానిమల్ క్వారంటైన్ వాళ్ల చేతికి వెళ్తాయి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో వీళ్ల కేంద్రాలున్నాయి. మనకి హైదరాబాద్ ఉండటం అదృష్టమే, కానీ విమానం టికెట్ బుక్ చేసేముందే ఆ కేంద్రంలో మీ కోళ్లకి చోటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. బర్డ్ ఫ్లూ సోకాక బయటపడటానికి పట్టే గరిష్ఠ వ్యవధిని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 14 రోజులుగా లెక్కిస్తుంది. క్వారంటైన్ ఎందుకన్నది ఆ అంకె చూస్తే తెలుస్తుంది. అక్కడ పరీక్షలో జబ్బు తేలితే కోళ్లను నాశనం చేస్తారు. మీరు ఆ నష్టానికి సిద్ధపడే దిగాలి, పరిహారం ఆశించి లెక్కలు వేసుకోకూడదు.

ఇప్పుడు డబ్బు. కుర్రాళ్లు నాకు చూపించే అంచనా కాగితాల్లో కోడి ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మిగతాదంతా “రవాణా వగైరా” అని ఒక్క వరసలో ఉంటుంది. ఆ వరసలోనే మునిగిపోతారు. ఉదాహరణకి నేనే కొన్ని అంకెలు పెట్టి చూపిస్తాను. పది కోళ్లు, ఒక్కోటి అయిదువేలు, మొత్తం యాభైవేలు అనుకుందాం. విమానంవాళ్లు కోడి బరువొక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు తింటుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 6000తో భాగిస్తారు. 60, 50, 40 కొలతల పెట్టె అయితే 20 కిలోలు. లోపల కోళ్లతో కలిపి పెట్టె తూగేది 10 కిలోలే అయినా మీరు కట్టేది 20 కిలోలకి. కోళ్లు నిలబడి మెడ ఎత్తగలిగేలా పెట్టె ఉండాలని అంతర్జాతీయ విమాన రవాణా నియమాలు చెబుతాయి. కాబట్టి పెట్టె చిన్నది చేసి మిగిల్చే వీలు లేదు. చెయ్యకూడదు కూడా.

కస్టమ్స్ సుంకం గురించి అందరూ భయపడతారు. అది అనుకున్నంత పెద్దది కాదు. సుంకం వేసే విలువలో విమాన ఖర్చు కూడా కలుస్తుంది కానీ, మన వాల్యుయేషన్ నిబంధనల ప్రకారం విమానంలో వచ్చిన సరుకుకి ఆ ఖర్చుని సరుకు ధరలో 20 శాతానికి మించి కలపకూడదు. పైన చెప్పిన యాభైవేల కోళ్లకి విమానం ఖర్చు అరవైవేలైనా, సుంకం లెక్కలోకి పదివేలే వస్తాయి. ఈ సంగతి మీ కస్టమ్స్ ఏజెంటుకి తెలిసే ఉంటుంది, అయినా బిల్లు చూసేటప్పుడు మీరూ సరిచూసుకోండి.

అసలు బరువు ఎక్కడుందంటే, సంఖ్యతో సంబంధం లేని ఖర్చుల్లో. అక్కడి డాక్టరు ఫారానికి రావడం, ల్యాబు పరీక్షలు, సర్టిఫికెట్, ఇక్కడి లైసెన్సు, పర్మిట్ పనులు, ఏజెంటు ఫీజు, క్వారంటైన్‌లో మనిషి కాపలా. పది కోళ్లు తెచ్చినా వంద తెచ్చినా వీటిలో చాలావరకు మారవు. ఇవన్నీ కలిపి రెండు లక్షలనుకుంటే పది కోళ్లలో ఒక్కోదాని మీద ఇరవైవేలు పడుతుంది, వందలో రెండువేలు. ఈ దారి వేల పిల్లల్ని తెచ్చే హేచరీ కంపెనీల నడకకి సరిపోయేలా ఏర్పడింది. ఒక్కడు పది కోళ్లకోసం ఇందులో నడిస్తే నడుం విరుగుతుంది. నిజంగా తేవాలనుకుంటే ఇష్టమున్న పదిమందిని కూడగట్టండి. రైతు ఉత్పత్తిదారుల సంఘంగా నమోదు చేసుకుని, ఒకే లైసెన్సు, ఒకే పర్మిట్ మీద తెచ్చుకోండి. ఖర్చు తగ్గుతుంది, దరఖాస్తుకి మాటబలమూ పెరుగుతుంది. ఇంకో కారణం ఉంది, అది కాసేపట్లో చెబుతాను.

గుడ్లా, పిల్లలా, పెద్ద కోళ్లా? పెద్ద కోళ్లు ఖరీదు ఎక్కువ, బడలిక ఎక్కువ. ఒకరోజు పిల్లలకి ప్రకృతే ఒక వరమిచ్చింది. గుడ్డులోంచి బయటికొచ్చేముందు పచ్చసొనలో మిగిలినదంతా పిల్ల కడుపులోకి పీల్చుకుంటుంది. దానితో మేతా నీళ్లూ లేకుండా దాదాపు 72 గంటలు ఉండగలదు. ప్రపంచమంతా ఒకరోజు పిల్లల వ్యాపారం నడిచేది ఈ బలంమీదే. కానీ 72 అన్నది ఆఖరి హద్దు. విమానం మారేచోట ఎనిమిది గంటలు ఆలస్యమైతే, అదీ ఏప్రిల్ ఎండలో హైదరాబాద్‌లో దిగితే, హద్దు దగ్గరపడిపోతుంది. నవంబరు నుంచి జనవరి చివరిలోపు పెట్టుకోండి.

గుడ్లు చౌక. వాటి కష్టం వేరు. గుడ్డు పెట్టిన వారం దాటితే పొదిగే గుణం రోజురోజుకీ తగ్గుతుంది. కుదుపులకి లోపలి గాలిగది కదిలిపోతుంది. వచ్చిన వెంటనే ఇంక్యుబేటర్లో పెట్టకుండా సన్నటి కొన కిందికి ఉండేలా ఒక రోజు కదల్చకుండా ఉంచాలి. తర్వాత 37.5 డిగ్రీల దగ్గర 21 రోజులు. ఇంత చేసినా దూరప్రయాణం చేసిన గుడ్లలో సగం పిల్లలైతే సంతోషించాలి. ఇరవై నాలుగు గుడ్లలో పన్నెండు పిల్లలు, అందులో ఆరు పుంజులు, ఆరు పెట్టలు. పెరిగి గుడ్డుకొచ్చేలోపు ఒకటో రెండో పోతాయి. మిగిలిన నాలుగు పెట్టల్లో ఒక్కోటి మీకు ఎంతకి పడిందో ఆ లెక్క ఎవరికి వారు వేసుకోండి.

ఇప్పుడు ఆ ఇంకో కారణం. కోళ్లు తేవడం వేరు, జాతిని నిలబెట్టడం వేరు. ఒక పుంజు, రెండు పెట్టలు తెచ్చి వాటి పిల్లల్ని వాటితోనే కలుపుతూ పోతే ఏమవుతుందో జన్యుశాస్త్రం లెక్కకట్టి చెబుతుంది. ఒక పుంజుకి పది పెట్టలున్నా సరే, సంతతి దృష్టితో ఆ మంద విలువ నాలుగు కోళ్లకన్నా తక్కువ. పిల్లలందరికీ తండ్రి ఒక్కడే కదా. తరానికి దాదాపు 14 శాతం చొప్పున రక్తసంబంధపు కలయిక పెరుగుతుంది. ఒక పుంజు, రెండు పెట్టలైతే తరానికి దాదాపు 19 శాతం. మూడు నాలుగు తరాలకే గుడ్లు పొదగవు, పిల్లలు నిలవవు, రోగాలకి తట్టుకోలేవు. లక్షలు పోసి తెచ్చిన జాతి ఇలా చేతుల్లో కరిగిపోవడం చూశాను. పదిమంది కలిసి, ఒకరితో ఒకరికి బంధుత్వం లేని పుంజుల్ని తలా ఒకటి ఉంచుకుని, ఏడాదికోసారి మార్చుకుంటే ఈ గండం గడుస్తుంది. ప్రతి పిల్లకీ కాలికి రింగు, ఆ రింగు నంబరు ఎదురుగా తండ్రి ఎవరు, తల్లి ఎవరు, గుడ్డు ఎప్పుడు పెట్టింది, ఎప్పుడు పొదిగింది అని పుస్తకంలో రాత ఉండాలి. ఈ పుస్తకం పెట్టలేనివాళ్లు దిగుమతి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా తీర్పు.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండి తిరిగొచ్చేస్తున్న మనవాళ్లు కొందరు, పెంపుడు జంతువుగా వెంట తెచ్చుకోవచ్చు కదా అంటారు. సామానుతోపాటు రెండు పెంపుడు జంతువుల్ని తెచ్చుకునే వెసులుబాటు కుక్కలూ పిల్లుల కోసం ఉన్నది. కోడికి దాన్ని లాగకండి. ఇక్కడి అసీల్ జాతి కోడిని అక్కడికి తీసుకెళ్లాలనే కోరికకి కూడా దారి మూసుకునే ఉంది, బర్డ్ ఫ్లూ ఉన్న ప్రాంతం నుంచి అమెరికా బతికున్న కోడినీ పొదిగే గుడ్డునీ రానివ్వదు.

అసీల్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశం నుంచి అసీల్ పుంజులు ఓడల్లో ఇంగ్లండ్ చేరాయి. అక్కడ కార్నవాల్ ప్రాంతంలో వాటిని మలయా కోళ్లతో, ఇంగ్లీషు పందెంకోళ్లతో కలిపి ఒక కొత్త జాతి తయారుచేశారు. దానికి ‘ఇండియన్ గేమ్’ అని పేరు పెట్టుకున్నారు. అమెరికాలో అదే కార్నిష్ అయింది. ఆ కార్నిష్ వెడల్పు రొమ్ము రక్తమే నేడు ప్రపంచమంతా తినే బ్రాయిలర్లో ఉంది. అంటే మన కూడలిలో చికెన్ కొట్టు ముందు గూట్లో ఉన్న తెల్లకోడిలో మన అసీల్ అంశ ఎక్కడో ఉంది. తీసుకెళ్లినవాళ్లు ఎంచి, కలిపి, తరం తరం రాసిపెట్టుకున్నారు. మన పల్లెల్లో డేగ, నెమలి, సేతువ, పర్ల, కౌజు, మైల అని రంగురంగుకీ పేరుంది కానీ, మా ఇంటి పుంజు తాత ఎవరో రాసిన కాగితం మాత్రం లేదు.

నలుపు మీదే మోజైతే మధ్యప్రదేశ్‌లో ఝాబువా కడక్‌నాథ్ ఉంది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని చర్మాన్నీ ఎముకనీ నల్లబరిచే జన్యుమార్పూ సెమానీలో ఉన్నదీ ఒకటే. పెరటి పెంపకం మీద ఆసక్తయితే రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, వనరాజా, గ్రామప్రియ అక్కడ పుట్టినవే. అసీల్ సంతతి మీద కూడా వాళ్లు పనిచేస్తున్నారు. విమానం ఎక్కకుండా, పర్మిట్ లేకుండా మొదలుపెట్టగలిగే పనులివి. మేనల్లుడికి నేను చెప్పిందీ ఇదే. వాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. నాలుగిళ్లవాళ్లు కలిసి నాలుగు వేరువేరు ఊళ్ల నుంచి అసీల్ పుంజుల్ని తెచ్చుకున్నారు, బరిలో దింపకూడదన్న మాట మీద. కోడిపందెం జంతుహింస నిరోధక చట్టం కింద నేరం, ఆ సొమ్ము కోసం జాతిని పెంచేవాళ్లకి ఈ పుస్తకం నుంచి నేనేమీ చెప్పను.

రెండు మూడేళ్లు రింగులు వేసి, లెక్క రాసి, ఒక మందని నిలబెట్టినవాళ్లు విదేశీ జాతి కోసం దరఖాస్తు పెడితే అధికారి అడిగే ప్రతి ప్రశ్నకీ వాళ్ల దగ్గర కాగితం ఉంటుంది. మీ పెరట్లో ఇప్పుడు పొదిగిన పిల్లలుంటే రేపు పొద్దున్నే గంప ఎత్తి, ఒక్కోదానికి కాలికి రింగు వెయ్యండి. ఒక నోటుపుస్తకం కొని మొదటి పేజీలో వాటి తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాయండి.